గోల్ఫ్ చిన్న షాట్లలో లయ లెక్క

పాలమూరు, నల్లగొండ పల్లెల్లో చిర్రగోనె ఆడి పెరిగినవాళ్లకు ఒక సంగతి చేతికే తెలుసు: చిర్రను చాలా దూరం కొట్టాలని గోనెను ఆత్రంగా ఊపితే దెబ్బ తప్పుతుంది. గోల్ఫ్‌లో చిన్న షాట్లు కూడా అంతే. బంతి బరువు 46 గ్రాములకు మించదు, గుంత వెడల్పు 108 మిల్లీమీటర్లు, జెండా కళ్లముందే ఉంటుంది. బలంతో పెద్దగా పనిలేని ఈ చోటే కొత్తవాళ్లు తడబడతారు. క్లబ్బును, అంటే బంతిని కొట్టే కర్రను, బాగా వెనక్కి తీసి, ఎక్కువైందేమోనన్న టెన్షన్‌తో దారిలో నెమ్మది చేస్తారు. లేదంటే కొంచెమే వెనక్కి తీసి, చాలదేమోనని బంతి దగ్గర ఒక్క కుదుపు ఇస్తారు.

దీని వెనకున్న భౌతిక శాస్త్రం బడి పిల్లలు కూడా చేసి చూడొచ్చు. వేపకొమ్మకు మీటరు పొడవు దారం కట్టి, చివర రాయి వేలాడదీయండి. జానెడు లాగి వదిలినా, బెత్తెడు లాగి వదిలినా, రాయి ఒకసారి అటు వెళ్లి ఇటు రావడానికి సుమారు 2 సెకన్లే పడుతుంది. మరీ ఎక్కువ లాగితే తప్ప ఈ సమయం మారదు. ఎక్కువ దూరాన్ని అదే సమయంలో దాటాలి కనుక, ఎక్కువ లాగిన రాయి అడుగున ఎక్కువ వేగంతో ఉంటుంది. పటింగ్‌లోనూ (బంతిని నేలమీద గుంతవైపు దొర్లించడం) చిప్ షాట్‌లోనూ (బంతిని కొద్దిగా లేపి, ఆపై దొర్లనివ్వడం) మనం చేయాల్సింది ఇదే. సమయాన్ని కదపకుండా ఊపు పొడవును మాత్రమే మార్చాలి.

ఇక్కడ చాలామంది గమనించని లెక్క ఒకటుంది. ఊపు రెట్టింపైతే వేగం రెట్టింపవుతుంది, కానీ దొర్లే దూరం రెట్టింపుతో ఆగదు. దూరం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. చదునైన పచ్చిక మీద 20 సెంటీమీటర్ల ఊపుకు బంతి 3 మీటర్లు దొర్లిందనుకుందాం. 40 సెంటీమీటర్ల ఊపుకు అది 6 మీటర్ల దగ్గర ఆగదు, లెక్క ప్రకారం 12 మీటర్ల దాకా పోతుంది. 6 మీటర్లకు 28 సెంటీమీటర్లు చాలు. గుంతను దాటి బంతి ఎక్కడికో పోవడానికి ఈ తేడా తెలియకపోవడమే పెద్ద కారణమని నా నమ్మకం.

మరి కుదుపు ఎందుకు చెడగొడుతుంది? కండరాలకు మెదడు పంపే ఆదేశం ఎంత పెద్దదైతే అందులో దొర్లే హెచ్చుతగ్గులూ అంత పెరుగుతాయన్న ఆధారం మీద 1998లో క్రిస్ హారిస్, డేనియల్ వోల్పర్ట్ అనే శాస్త్రవేత్తలు ఒక సిద్ధాంతం ప్రతిపాదించారు. చివరి క్షణపు కుదుపు అలాంటి పెద్ద ఆదేశమే. పైగా క్లబ్బు బంతిని తాకి ఉండేది సెకనులో సుమారు రెండువేలవ వంతు. కన్ను చూసి చెయ్యి స్పందించడానికి అంతకు కొన్ని వందల రెట్ల సమయం కావాలి. తాకిన తర్వాత దిద్దుకోవడం ఎవరి తరమూ కాదు.

పెద్ద ఆటగాళ్ల పూర్తి ఊపులో వెనక్కి తీసే సమయం, కిందికి తెచ్చే సమయానికి దాదాపు మూడు రెట్లు. చిన్న షాట్లలో అది రెండు రెట్ల దగ్గర ఉంటుంది. యేల్ విశ్వవిద్యాలయ భౌతిక శాస్త్రవేత్త రాబర్ట్ గ్రోబర్ కొలిచినప్పుడు, వృత్తి ఆటగాళ్ల సమయాలు మామూలు ఆటగాళ్ల కంటే ఎక్కువ నిలకడగా ఉన్నాయి. వాళ్లు క్లబ్బును వెనక్కి తీసేది కూడా మనం అనుకునేంత నిదానంగా కాదు.

సాధనకు ఫోన్‌లో మెట్రోనోమ్ యాప్ (సమాన వ్యవధిలో టిక్కుమనేది) చాలు. నిమిషానికి 75 టిక్కులు పెట్టుకుంటే రెండు టిక్కుల మధ్య 0.8 సెకను ఉంటుంది. ఒక టిక్కుకు ఊపు మొదలు, తర్వాతి టిక్కుకు బంతి. మీ ఒంటికి నప్పకపోతే కొంచెం అటూ ఇటూ మార్చుకోండి, కానీ ఒకసారి కుదిరాక అన్ని దూరాలకూ అదే ఉంచండి. ఎండాకాలంలో మన చల్క నేల గట్టిపడి బంతి ఎగిరెగిరి పోతుంది, గోల్కొండ దగ్గరి గోల్ఫ్ మైదానం పచ్చిక మీద అదే షాట్ మరోలా ఆగుతుంది. అందుకే ఊళ్లో బడి మైదానంలో సాధన చేసేటప్పుడు దూరాల పట్టిక రాసుకోవద్దు, టిక్కు తప్పిపోకుండా చూసుకోండి. పట్టికను అసలు పచ్చిక మీద ఆడిన రోజు తయారు చేసుకోవచ్చు.

టిక్కు కుదిరాక కూడా బంతులు కొన్ని ముందే ఆగి, కొన్ని దాటిపోతుంటే తప్పు లయది కాకపోవచ్చు. క్లబ్బు ముఖం మీద బంతి తగులుతున్న చోటును చూడండి. కొంచెం సుద్దపొడి రాస్తే మచ్చ కనిపిస్తుంది.