అబ్‌స్ట్రాక్ట్ ఫోటోగ్రఫీ: కడప ఎండలో కొన్ని అపోహలు, వాస్తవాలు

ఎదుటి వస్తువు ఏమిటో చెప్పడం కన్నా దాని రంగును, గీతను, వెలుగునీడలను చూపడమే అబ్‌స్ట్రాక్ట్, అంటే నైరూప్య ఫోటోగ్రఫీ పని. కడపలో కెమెరా పట్టడం నేర్చుకునే కుర్రవాళ్ళ నోట దీని గురించి తరచుగా వినిపించే మాటల్లో కొన్ని సగం నిజాలు, కొన్ని శుద్ధ అబద్ధాలు.

అపోహ: ఫోటో కదిలిపోతే అదే అబ్‌స్ట్రాక్ట్.

వాస్తవం: చెయ్యి వణికి వచ్చిన మసక వేరు, కెమెరాను కావాలని ఒక దిశలో కదిలించి రాబట్టిన చారలు వేరు. నిటారుగా నిలిచిన తాటిచెట్లకు పైనుంచి కిందికి, చదునుగా పరచుకున్న శనగచేలకు పక్కకు కదిలించాలి. కదలిక మొదలయ్యాకే బటన్ నొక్కి, షట్టర్ (కెమెరాలోకి వెలుగును వదిలే తెర) మూసుకున్నాక కూడా చెయ్యి ఆపకుండా ఉంటే చారలు తెగకుండా వస్తాయి. ఇందుకు షట్టర్ అర సెకను దాకా తెరిచి ఉండాలి. అయితే మన ఎండలో ఐఎస్‌ఓను (వెలుగుకు కెమెరా స్పందించే స్థాయి) 100కు తగ్గించి, లెన్స్ రంధ్రాన్ని ఎఫ్/16కు చిన్నది చేసినా సెకనులో నూరో వంతుకు మించి దొరకదు గనుక, వెలుగును 64వ వంతుకు తగ్గించే ఆరు స్టాపుల (ఒక్కో స్టాపుకు వెలుగు సగమవుతుంది) ఎన్‌డీ ఫిల్టర్ అనే నల్లటి అద్దం లెన్స్‌కు తగిలించాలి, అప్పుడు 0.6 సెకను చేతికొస్తుంది. ఫిల్టర్ లేనివారు పొద్దుగూకే దాకా ఆగాలి. చేతి వణుకును సరిచేసే లెన్స్‌లోని స్టెబిలైజేషన్‌ను మాత్రం ఆపేయండి, అది మన కదలికను సరిదిద్దబోతుంది.

అపోహ: మిట్టమధ్యాహ్నపు ఎండ ఫోటోలకు పనికిరాదు.

వాస్తవం: ముఖాలకు పనికిరాదు, నిజమే. గోడలకు మాత్రం నా దృష్టిలో అదే అసలు సమయం. ఏప్రిల్ చివరలోనూ ఆగస్టు మధ్యలోనూ సూర్యుడు కడపకు సరిగ్గా నడినెత్తిన వస్తాడు. ఆ రోజుల్లో మధ్యాహ్నపు వెలుగు గోడను రాసుకుంటూ కిందికి దిగి, పెచ్చులూడిన సున్నం ప్రతి అంచు కిందా ఒక నీడ గీస్తుంది. ఉదయం ఎదురెండ పడుతున్నప్పుడు అదే గోడ చప్పగా కనిపిస్తుంది. నేల మీది బండలకు లెక్క తలకిందులు: పొద్దు వాలాకే వాటి గరుకుదనం పైకి తేలుతుంది.

అపోహ: చిన్నవాటిని అతి దగ్గర నుంచి తీసే ఖరీదైన మాక్రో లెన్స్ లేనిదే కుదరదు.

వాస్తవం: చేతిలోని ఫోన్ చాలు. నీళ్ళు చల్లిన నాపరాయిని ఒకసారి గమనించండి. తడిసినంత మేరా నల్లబడిన రాయి ఆరేకొద్దీ బూడిదరంగుకు తిరుగుతుంది, తడికీ పొడికీ నడుమ ఉన్న వంకర గీత చూస్తుండగానే జరిగిపోతుంది. ఫోన్‌ను రాతికి సమాంతరంగా, మన నీడ పడకుండా పట్టుకుంటే బండ అంతా ఫోకస్‌లో ఉంటుంది. తడి మెరుపు అడ్డొస్తే దాన్ని తగ్గించే పోలరైజర్ ఫిల్టర్ వాడవచ్చు గానీ, ఏటవాలుగా చూసినప్పుడే అది పనిచేస్తుంది.

అపోహ: ఇది కంప్యూటర్లు వచ్చాక పుట్టిన ఫ్యాషన్.

వాస్తవం: ఆల్విన్ లాంగ్‌డన్ కోబర్న్ అనే ఫోటోగ్రాఫర్ మూడు అద్దాలను త్రికోణంగా అమర్చి, వాటి గుండా తీసిన నైరూప్య చిత్రాలను 1917లోనే లండన్‌లో ప్రదర్శించాడు. మరో ఫోటోగ్రాఫర్ ఆల్‌ఫ్రెడ్ స్టీగ్లిట్జ్ 1922 నుంచి మేఘాలను నైరూప్య చిత్రాలుగా తీశాడు.

అపోహ: కూర్పు నియమాలతో పనిలేదు.

వాస్తవం: పని ఇక్కడే ఎక్కువ. మనిషి ముఖమో గోపురమో ఉంటే చూపు దాని మీద నిలుస్తుంది, చుట్టూ ఉన్న లోపాలు దాగిపోతాయి. అలాంటి ఆధారం లేని చిత్రంలో మూలన మెరిసిన చిన్న తెల్ల మచ్చ కూడా కన్నును బయటికి లాగేస్తుంది. అందుకే నొక్కేముందు నాలుగు అంచులూ ఒకసారి చుట్టి చూసి, అక్కర్లేని మచ్చ కనిపిస్తే అర అడుగు పక్కకు జరగాలి.