ప్రోటీన్‌కు దారి చూపేది ఎవరు? అపోహలు - వాస్తవాలు

అనంతపురంలో డిగ్రీ పిల్లలకు కణజీవశాస్త్రం చెబుతుంటాను. ప్రోటీన్ల రవాణా అనగానే చాలామంది గాల్జీ (కణంలో ప్రోటీన్లను సర్ది పంపే భాగం) బొమ్మ గీసి, నాలుగు బాణాలు పెట్టేస్తారు. మార్కులూ పడతాయి. కానీ అసలు విషయం ఆ బొమ్మలో కనిపించదు.

అపోహ: ప్రోటీన్ పూర్తిగా తయారయ్యాక, ఎక్కడికి పంపాలో గాల్జీ నిర్ణయిస్తుంది.

వాస్తవం: చేరాల్సిన చిరునామా చాలావరకు ఆ ప్రోటీన్ అమైనో ఆమ్లాల వరుసలోనే ఉంటుంది. మన శెనక్కాయ గింజలో నిల్వ ఉండే అరాచిన్‌నే చూడండి. దాని అమైనో ఆమ్లాల గొలుసు రైబోజోమ్ (ప్రోటీన్లు తయారయ్యే చోటు) నుంచి తొంగిచూడగానే, మొదట్లో ఉన్న సిగ్నల్ పెప్టైడ్ అనే చిరునామా ముక్కను ఎస్‌ఆర్‌పీ అనే సముదాయం పట్టుకుని రైబోజోమ్‌ను ఎండోప్లాస్మిక్ రెటిక్యులమ్ (ఈఆర్) అనే పొరల వల దగ్గరికి చేరుస్తుంది. గొలుసు ఒకవైపు తయారవుతూనే ఇంకోవైపు లోపలికి దూరిపోతుంది. పని అయిపోయిన సిగ్నల్ ముక్క తెగిపోతుంది. ఆ తర్వాతే గాల్జీ, అక్కడినుంచి గింజ కణాల్లోని నిల్వ వాక్యూల్ అనే సంచి. గుంటర్ బ్లోబెల్, డేవిడ్ సబాటినీ 1971లో దీన్ని ఊహగా చెప్పారు. తర్వాత ప్రయోగాలతో నిరూపించినందుకు బ్లోబెల్‌కు 1999లో నోబెల్ వచ్చింది. ఈ ఒక్కటి అర్థమైతే మిగతా పాఠం సులువు.

అపోహ: ఈఆర్ మీద ఉండే రైబోజోమ్‌లు వేరు, విడిగా ఉండేవి వేరు.

వాస్తవం: రెండూ ఒకటే. ఇప్పుడు ఏ ప్రోటీన్ తయారుచేస్తోందన్న దాన్నిబట్టే రైబోజోమ్ అక్కడ అతుక్కుంటుంది.

అపోహ: అన్ని ప్రోటీన్లూ ఈఆర్, గాల్జీల మీదుగానే వెళ్తాయి.

వాస్తవం: కేంద్రకానికి, మైటోకాండ్రియాకు వెళ్లేవి కణంలోని ద్రవభాగమైన సైటోసాల్‌లో తయారై నేరుగా వెళ్తాయి. మన మైటోకాండ్రియా డీఎన్‌ఏలో సమాచారం ఉన్నది 13 ప్రోటీన్లకే, మిగతావన్నీ బయటినుంచి రావాల్సిందే. అవి సాధారణంగా మడతలు విప్పుకుని లోపలికి దూరతాయి. కేంద్రకంలోకి, పెరాక్సిజోమ్ అనే చిన్న సంచిలోకి మాత్రం మడతపడిన ప్రోటీన్ కూడా అలాగే వెళ్లగలదు.

అపోహ: ఎంజైమ్ బాగుంటే చాలు, ఎక్కడుంటే ఏం?

వాస్తవం: పిల్లలకు తప్పకుండా చెప్పేది ఇదే. ప్రైమరీ హైపరాక్సలూరియా మొదటి రకం అనే జన్యు వ్యాధి ఉన్న కొందరిలో, కాలేయ కణాల పెరాక్సిజోమ్‌లో ఉండాల్సిన ఏజీటీ ఎంజైమ్ చాలావరకు మైటోకాండ్రియాకు చేరుతుంది. దానికి పనిచేసే శక్తి ఉన్నా, పని ఉన్నది పెరాక్సిజోమ్‌లో. దాంతో ఆక్సలేట్ అనే వ్యర్థం పేరుకుని కిడ్నీలో రాళ్లు వస్తాయి, ముదిరితే కిడ్నీలే దెబ్బతింటాయి.