పెళ్లయ్యాక కోరిక పాపమా? కౌన్సెలింగ్‌లో వినే అపోహలు - వాస్తవాలు

మా చర్చిలో ప్రధానం (నిశ్చితార్థం) అయిన జంటలకు పెళ్లికి ముందు కౌన్సెలింగ్ ఉంటుంది. అబ్బాయితో పాస్టర్ గారు, అమ్మాయితో నేను విడిగా మాట్లాడతాం. పెళ్లయిన కొన్నేళ్లకు మళ్లీ వచ్చేవాళ్లూ ఉన్నారు.

అపోహ: కోరిక పాపంతో పుట్టింది, పిల్లల కోసమని దేవుడు చూసీచూడనట్టు వదిలేశాడు.

వాస్తవం: బైబిల్ మొదటి పుస్తకం ఆదికాండంలో భార్యాభర్తలు ఏకశరీరమవడం రెండో అధ్యాయంలోనే ఉంది, పాపం వచ్చింది మూడో అధ్యాయంలో. కొత్త పెళ్లికొడుకుని ఏడాదిపాటు యుద్ధానికి పంపొద్దంటుంది ద్వితీయోపదేశకాండము 24:5. ఎందుకంటే, ఇంట్లో ఉండి భార్యను సంతోషపెట్టాలట. పిల్లల ఊసే లేదక్కడ.

అపోహ: ఆడవాళ్లకు కోరిక తగదు.

వాస్తవం: బైబిల్లోని ప్రేమగీతం, పరమగీతము, మొదలయ్యేదే ప్రియురాలు ముద్దు కోరుకోవడంతో. ఆదివారం ప్రసంగానికి ఆ వాక్యభాగం ఎవరూ ఎంచుకోరనుకోండి, అది వేరే సంగతి.

అపోహ: మోహపు చూపు పాపమయ్యేది పరాయి స్త్రీ విషయంలోనే. సొంత భార్య దగ్గర ఆ మాటే రాదు.

వాస్తవం: వస్తుంది. భర్త తన భార్య విషయంలో కూడా ఆ పాపం చేయగలడని 1980 అక్టోబరు 8న పోప్ రెండో జాన్ పాల్ అంటే పెద్ద దుమారమే రేగింది. మేం ప్రొటెస్టెంట్లం, అయినా ఈ ఒక్క విషయంలో నాది ఆయన మాటే. కోరిక ఎక్కువగా ఉంటే మోహం, తక్కువగా ఉంటే ప్రేమ అని కాదు. బైబిల్లో దావీదు రాజు కొడుకు అమ్నోను సంగతి చూడండి. చెల్లెలి వరసైన తామారు మీద బెంగతో చిక్కిపోయాడు, జబ్బు నటించి రొట్టెలు చేయించుకున్నాడు, బలవంతం చేశాడు. ఆ వెంటనే ఆమె మొహం చూడలేక బయటికి గెంటించాడు. "పగలంతా పలకరింపే ఉండదు అమ్మగారూ, రాత్రి పనయ్యాక అటు తిరిగి ఫోన్ చూసుకుంటారు" అని చెప్పుకునే భార్యలున్నారు. అది విన్నప్పుడల్లా నాకు అమ్నోనే గుర్తొస్తాడు.

అపోహ: భార్య వద్దంటే వాక్యాన్ని మీరినట్టే.

వాస్తవం: మొదటి కొరింథీయులకు 7:4లో భార్య దేహం మీద అధికారం భర్తదనే మొదటి సగం చాలామంది మగవాళ్లకు కంఠతా వచ్చు. భర్త దేహం మీద అధికారం భార్యదని చెప్పే రెండో సగం దగ్గరికొచ్చేసరికి గొంతు తగ్గుతుంది. ఆ అధికారంతోనే ఆమె "ఈ రోజు నాకు ఒంట్లో బాలేదు, ఆగు" అనొచ్చు. ఐదో వచనం దూరంగా ఉండడానికి కూడా ఇద్దరి సమ్మతి, కొంతకాలమనే హద్దు, ప్రార్థన అనే కారణం అడుగుతుంది. అంటే శ్రమదినాలని (ఈస్టరుకు ముందు ఉపవాస కాలం) చెప్పి, భర్తను మాటమాత్రం అడక్కుండా 40 రోజులు పక్క వేరు చేసుకున్న చెల్లెమ్మకూ ఇది వర్తిస్తుంది. ఇక ఇంట్లో బలవంతం, కొట్టడం ఉంటే "సర్దుకో" అని నేను అనను. 181 మహిళా హెల్ప్‌లైన్ నంబరు రాసిస్తాను.

అపోహ: కోరిక తగ్గిందంటే ప్రేమ పోయినట్టే, లేదా సాతాను శోధన.

వాస్తవం: కాన్పు తర్వాత నిద్రలేమి, షుగరు, థైరాయిడ్, కొన్ని బీపీ మాత్రలు, డిప్రెషన్ మందులు, వీటిలో ఏదైనా కారణం కావచ్చు. ప్రార్థన ఎలాగూ చేస్తాం, వాడుతున్న మందుల చీటీ పట్టుకుని డాక్టరు దగ్గరికి కూడా వెళ్లి రమ్మంటాను.