సంక్రాంతి అయ్యాక ఇల్లు బోసిపోయిందా? సీలింగ్ చేయించే ముందు ఇది చదవండి (అపోహలు - వాస్తవాలు)

హనుమకొండ, కాజీపేట వైపు ఇంటీరియర్ పనులు చేస్తుంటాను. ఏటా కనుమ వెళ్లిన రెండు మూడు రోజులకే ఒకే రకం ఫోన్లు మొదలవుతాయి. హైదరాబాద్ నుంచి, బెంగళూరు నుంచి వచ్చిన పిల్లలు తిరిగి వెళ్లిపోయి ఉంటారు, సకినాల డబ్బా అడుగుకు వచ్చి ఉంటుంది, ఇల్లు చూస్తే దిగులేస్తుంది. ఆ దిగులులో తీసుకున్న నిర్ణయానికి ఏడాదంతా ఈఎంఐ కట్టేవాళ్లను చూసి చూసి ఇది రాస్తున్నాను.

అపోహ: ఇల్లు డల్‌గా ఉందంటే ఫాల్స్ సీలింగో కొత్త సోఫానో పడాల్సిందే.

వాస్తవం: నేను వెళ్లిన ఇళ్లలో చాలావాటికి కావలసింది వెలుతురు. పోయిన జనవరిలో రిటైరైన ఒక టీచరమ్మ పిలిచారు. "పిల్లలు పోయినంక ఇల్లు మింగుతున్నట్టే ఉంది బిడ్డా, హాలంతా సీలింగ్ కొట్టించి లైట్లు పెట్టు" అన్నారు. పొద్దున పదకొండింటికి వెళితే ట్యూబ్‌లైట్ వెలుగుతోంది. దక్షిణం కిటికీకి మందపాటి కర్టెన్, దానికి అడ్డంగా సోఫా. చెయ్యి తగిలే చోట కర్టెన్ అంచు జిడ్డుతో నల్లబడింది. సోఫా జరిపితే వెనకాల మనవడి చిరిగిన పతంగి దొరికింది. కర్టెన్ తీయగానే ఎండ మూడడుగులు లోపలికి వచ్చి బండల మీద పడింది. ఆమె కుర్చీ లాక్కుని ఆ ఎండలో కాళ్లు పెట్టుకుని కూర్చున్నారు, పతంగి ఒళ్లోనే ఉంది. సీలింగ్ మాట మళ్లీ ఎత్తలేదు.

ఆ కిటికీ ఎందుకు మూశారంటే, దక్షిణం తెరిస్తే ఎండాకాలం ఇల్లు కాలిపోతుందని ఎవరో చెప్పారట. ఎవరు పుట్టిస్తారో ఇలాంటివి! జనవరిలో సూర్యుడు దక్షిణానికి వాలి ఉంటాడు, అందుకే ఆ కిటికీలోంచి ఎండ లోపలికి వస్తుంది. మే రెండో వారానికి మన వరంగల్‌లో మధ్యాహ్నం సరిగ్గా నడినెత్తిన ఉంటాడు, అప్పుడు దక్షిణం కిటికీలోంచి నేరుగా ఎండ పడదు. ఎండాకాలం ఇంటిని కాల్చేది స్లాబు, పడమటి గోడ.

సాయంత్రం కోసం ఆమె హాల్లో ఒక మూలకు 3000కె (కెల్విన్, లైటు రంగుకు కొలత) వార్మ్ వైట్, అంటే కాస్త పసుపు ఛాయ ఉండే బల్బు పెట్టించాను. మన ఇళ్లలో ఎక్కువగా ఉండేది 6500కె తెల్ల లైటు, చదువుకోవడానికి బాగుంటుంది కానీ రాత్రి ఒక్కరే కూర్చునే హాలుకు అది మరీ తెల్లగా, చల్లగా ఉంటుంది.

మాటల్లో ఆమె నిద్ర పట్టడం లేదన్నారు. పండుగ తర్వాత నాలుగు రోజులు దిగులుగా ఉండటం ఎవరికైనా మామూలే. రెండు వారాలు దాటినా నిద్ర, తిండి సరిగా లేకపోతే మాత్రం అది నా పని కాదు, డాక్టర్ పని. మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేస్తే డబ్బులేమీ తీసుకోరు, తెలుగులోనే మాట్లాడతారు. సిగ్గు పడకండి.

మిగతావి గబగబా చెప్తాను. చెమ్మ గోడ మీద పుట్టీ పెట్టి రంగేస్తే చెమ్మ పోదు, వచ్చే వానలకు పొరలుపొరలుగా లేస్తుంది, ముందు నీళ్లెక్కడినుంచి వస్తున్నాయో చూడండి. మనీప్లాంట్ గది గాలిని శుభ్రం చేస్తుందన్న ప్రచారం 1989లో నాసా వాళ్లు మూసిన పెట్టెల్లో చేసిన ప్రయోగం నుంచి వచ్చింది, మన గదులు మూసిన పెట్టెలు కావు. మొక్క కళ్లకు బాగుంటుంది కాబట్టి పెట్టుకోండి, అది చాలు.

ఇక కింద పరవడానికి ఆన్‌లైన్‌లో ఖరీదైన కార్పెట్ కొంటేనే లుక్ వస్తుందనేవాళ్లకు ఒక మాట. మన వరంగల్ జంపఖానాకు 2018లో జీఐ గుర్తింపు (ఫలానా ఊరి ప్రత్యేక వస్తువని ఇచ్చే గుర్తింపు) వచ్చింది. కొత్తవాడలో నేస్తారు, నూలుది, దులపడం తేలిక. మా అమ్మ పండుగ అయిన మర్నాడే జంపఖానా ఉతికి పిట్టగోడ మీద ఆరేసేది, సాయంత్రం ఇంట్లో పరిస్తే ఎండ వాసన వచ్చేది. కొత్తది కొంటే మొదటిసారి విడిగా ఉతకండి, రంగు దిగొచ్చు. హాలు కొలత మాత్రం టేపుతో తీసుకుని వెళ్లండి, కళ్లతో అంచనా వేసి తెచ్చినవాళ్లు చాలామంది మళ్లీ మార్చుకోవాల్సి వచ్చింది.