రాక్షసుడికి గొంతు ఇచ్చింది ఎవరు

దసరా వస్తే మా వరంగల్‌ల ఉర్సు రంగలీల మైదానం జనంతోని నిండిపోతది, రావణుని బొమ్మ కాలుతుంటే పిల్లలు నాయినల భుజాల మీదెక్కి చూస్తరు. తెల్లారి నుంచి ఫోన్లల్ల లొల్లి షురూ, రావణుడు విలనా హీరోనా అని. రాక్షసుణ్ని హీరో చేసుడు ఈమధ్య వచ్చిన ఫ్యాషన్ అంటరు చాలామంది, అది నేనొప్పుకోను, ఎందుకంటే పాలకుర్తి పక్కన బమ్మెర ఉంది, పోతన ఊరు.

15వ శతాబ్దంల ఆయన రాసిన భాగవతం ఎనిమిదో స్కంధం తీయండి. వామనుడు దేవుడు, బలి రాక్షసుల రాజు. వచ్చింది విష్ణువు, మూడడుగులు ఇస్తే నీకేం మిగలదు, ఇట్లాంటప్పుడు బొంకినా పాపం లేదు అని గురువు శుక్రాచార్యుడు ముందే చెప్తడు. అంటే బలికి అన్నీ తెలుసు, మోసపోయి ఇచ్చింది కాదు. "కారే రాజులు? రాజ్యముల్ గలుగవే?" అని ఎత్తుకొని, వాళ్లంతా ఏరీ, సిరి మూటగట్టుకొని పోయిన్రా అని గురువునే అడుగుతడు. నరకమొచ్చినా వంశం పోయినా సరే, "తిరుగన్ నేరదు నాదు జిహ్వ" అంటడు. ధార పడకుండ శుక్రుడు కలశం రంధ్రానికి అడ్డమొస్తే వామనుడు దర్భ కొసతోని పొడుస్తడు, గురువుకు ఒక కన్ను పోతది, నీళ్లు మాత్రం పడతయి. ఇంత పెద్ద భక్తుడైన పోతన కథను తిరగేయలేదు, దేవుణ్ని తక్కువ చేయలేదు, రాక్షసుణ్ని నోరారా మాట్లాడనిచ్చిండు అంతే, ఆ పద్యాలు చదువు రాని ముసలోళ్లకు గూడ నోటికొస్తయి.

కథను కావాలనే తిరగేసింది తర్వాత త్రిపురనేని రామస్వామి చౌదరి, తపస్సు చేసిండని రాముడు చంపిన శూద్రుడు శంబూకుడి మీద 1920ల రాసిన శంబూకవధ నాటకంతోని రాముడి పాలననే నిలదీసిండు. అటు ఆదిలాబాద్ దిక్కు గోండుల్ల రావణుణ్ని తమ పెద్దగా తలుచుకునేటోళ్లు ఉన్నరు, వాళ్లకు ఇది చర్చ గాదు, ఇంటి ముచ్చట.

నాకు అన్నిటికంటే దగ్గరైంది మాత్రం రచయిత్రి ఓల్గా 'విముక్త' కథల్ల శూర్పణఖ. ఆ పుస్తకానికి 2015ల సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. ముక్కు చెవులు కోసినంక ఆమె ఏమైందని మనమెవరం అడగలే, బొమ్మలల్ల సినిమాలల్ల చూసి నవ్వినం. ఈ కథల లవకుశులు అడివిల ఒక తోట చూసొచ్చి, ఆ తోటామె గురించి అమ్మకు చెప్తరు. సీతకు ఆమె ఎవరో అర్థమైతది, వెతుక్కుంట పోతది. పూలచెట్ల నడుమ శూర్పణఖ ఉంటది, ఆ తోటంతా ఆమె చేతులతోని పెంచిందే.