మొదటి సెకండ్ హ్యాండ్ ఫెరారీ: అపోహలు – వాస్తవాలు

డల్లాస్ దగ్గర ఇటాలియన్ కార్లు బాగుచేసే వర్క్‌షాపులో పనిచేస్తాను. ఎవరైనా కొనబోతున్న కారును ముందుగా లిఫ్టు మీదికి ఎత్తి, ఉన్నది ఉన్నట్టు రాసివ్వడం నా పనిలో పెద్ద భాగం. ఇక్కడ దాన్ని పీపీఐ (ప్రీ-పర్చేజ్ ఇన్‌స్పెక్షన్, అంటే కొనకముందు చేసే తనిఖీ) అంటారు. ఫ్రిస్కో, ప్లేనో, అర్వింగ్ నుంచి మనవాళ్ళూ వస్తుంటారు. ఇల్లు కొన్నాక, పిల్లల చదువులకు కొంత పక్కన పెట్టుకున్నాక, కాలేజీ రోజుల్లో గోడకు అంటించుకున్న పోస్టరు మళ్ళీ గుర్తొస్తుంది. ఆ కోరిక నాకు బాగా తెలుసు, తప్పేమీ లేదు. కానీ చాలామంది కారును చూడకముందే కొన్ని నమ్మకాలు ఖాయం చేసుకుని వస్తారు. బేరం దగ్గర డబ్బు పోయేది ఎక్కువగా వాటివల్లే.

ఒక్క సంగతి మనసులో పెట్టుకుంటే మిగతావన్నీ తేలిగ్గా అర్థమవుతాయి. ఈ కార్లలో చాలావాటి ధర ఏళ్ళు గడిచేకొద్దీ తగ్గుతుంది, వాటి విడిభాగాల ధర తగ్గదు. పాత యజమాని చేయించకుండా వదిలేసిన ప్రతి పనీ కొన్నవాళ్ళ నెత్తిన పడుతుంది. ఊళ్ళో స్థలం కొనేటప్పుడు లింకు డాక్యుమెంట్లు, ఈసీ చూడకుండా అడ్వాన్సు ఇవ్వం కదా, ఈ కార్లకు సర్వీసు బిల్లుల ఫైలు అలాంటిది.

అపోహ: మైళ్ళు ఎంత తక్కువ తిరిగితే కారు అంత మంచిది.

అందరికీ ఉన్న నమ్మకం ఇదే, ఎక్కువ నష్టం చేసేదీ ఇదే. టయోటా క్యామ్రీకి పనికొచ్చే లెక్కను ఫెరారీకి వర్తింపజేస్తారు. ఈ కార్లలో చాలా భాగాలకు మైళ్ళకంటే ఏళ్ళే ముఖ్యం. ఇంజను వాల్వులను సరైన సమయానికి కదిలించే టైమింగ్ బెల్టు రబ్బరు, కారు కదిలినా కదలకపోయినా ముదురుతుంది. ఆయిల్ సీళ్ళు ఎండిపోతాయి. ట్యాంకులో పెట్రోలు పాడవుతుంది. బ్రేకు ఆయిల్ తేమ పీల్చుకుంటుంది. 2003 నాటి ఫెరారీ 360 మోడెనా ఒకటి 8 వేల మైళ్ళే తిరిగి గ్యారేజీలో కవరు కింద కూర్చుందనుకోండి, ఇంకొకటి 40 వేల మైళ్ళు తిరిగి ఏటా సర్వీసు చేయించుకుందనుకోండి. నా డబ్బయితే రెండోదానికే పెడతాను. మొదటిదానికి ధరా ఎక్కువే, కొన్నాక చేయించాల్సిన పనులూ ఎక్కువే.

టైరు పక్కగోడ మీద డాట్ అనే అక్షరాల వరుస చివర నాలుగు అంకెలుంటాయి. 2314 అని ఉంటే 2014వ సంవత్సరం 23వ వారంలో తయారైందని అర్థం. గాడులు నిండుగా ఉన్నా పదేళ్ళు దాటిన టైరు గట్టిపడిపోతుంది, తడి రోడ్డు మీద ప్రమాదం. టైర్ల వయసే పట్టించుకోని యజమాని ఇంజను లోపలి బెల్టును పట్టించుకుని ఉంటాడని నేను అనుకోను.

అపోహ: ఏ ఫెరారీకైనా బెల్టు మార్చాలంటే ఇంజను దించాల్సిందే.

మోడల్‌ను బట్టి ఉంటుంది. ఏ కారు కొనాలన్న నిర్ణయమే దీనివల్ల మారిపోవచ్చు, అందుకే కాస్త వివరంగా చెబుతాను.

పాత ఫెరారీ మోడళ్ళయిన 308, 328లలో ఇంజను కారులో ఉండగానే బెల్టులు మార్చొచ్చు. 348, 355లలో ఇంజనును దాన్ని మోసే సబ్‌ఫ్రేముతో సహా కిందికి దించాలి. అందుకే 355 పెద్ద సర్వీసు బిల్లు పది వేల డాలర్లు దాటడం మామూలే. 1999లో వచ్చిన 360 మోడెనాలో సీట్ల వెనక ఉన్న మూత తీస్తే బెల్టులు అందుతాయి, ఇంజను దించక్కర్లేదు. 2004లో వచ్చిన ఎఫ్430తో బెల్టులే పోయాయి, వాటి స్థానంలో గొలుసులు వచ్చాయి. దాని తర్వాతి ఫెరారీ మోడళ్ళు కాలిఫోర్నియా, 458 ఇటాలియాలకూ గొలుసులే. లాంబోర్గినీ గయార్డోకీ అంతే.

బెల్టున్న కార్లకు మూడు నుంచి ఐదేళ్ళకోసారి మార్పించాలన్నది ఈ పని చేసేవాళ్ళు పాటించే లెక్క. బెల్టు జారినా తెగినా వాల్వులు వెళ్ళి పిస్టన్లకు తగులుతాయి, ఆ తర్వాత బాగుచేయాల్సింది ఇంజనునే. కాబట్టి "మొన్నే మార్పించాం" అనే మాటకు విలువ లేదు. తేదీ, మైళ్ళు, వాడిన భాగాల నంబర్లు ఉన్న బిల్లు అడగండి. బెల్టుతో పాటు దాన్ని బిగుతుగా ఉంచే టెన్షనర్ బేరింగులు మార్చారా అన్నది కూడా అదే బిల్లులో వెతకండి.

గొలుసు ఉన్నంత మాత్రాన నిశ్చింత అనుకోవద్దు. ఎఫ్430లో ఇంజను నుంచి పొగను బయటికి తీసుకెళ్ళే ఎగ్జాస్ట్ మానిఫోల్డులు పగలడం తెలిసిన జబ్బే. 355లో కూడా ఉంది, దానికి తోడు తొలి ఏళ్ళ 355లలో వాల్వులు లోపల కదిలే కంచు గొట్టాలు (వాల్వు గైడ్లు) అరుగుతాయి. వాటి సంగతి తెలియాలంటే సిలిండరులో ఒత్తిడి కొలిచే కంప్రెషన్ పరీక్ష ఒక్కటే చాలదు, లీక్‌డౌన్ పరీక్ష కూడా చేయించాలి. సిలిండరులోకి గాలి ఎక్కించి ఎంత శాతం బయటికి పోతోందో, ఎటు పోతోందో చూస్తాం. సమయం పడుతుంది, డబ్బూ పడుతుంది. అమ్మేవాళ్ళు దీనికి ఒప్పుకోకపోతే ఆ కారు వదిలేయండి.

అపోహ: ఎఫ్1 గేరుబాక్సు అంటే ఆటోమేటిక్, ఆఫీసుకు కూడా వేసుకెళ్ళొచ్చు.

క్లచ్ పెడల్ లేదు కాబట్టి ఆటోమేటిక్ అనుకుంటారు. 1997లో 355తో మొదలైన ఎఫ్1 గేరుబాక్సు, గయార్డోలోని ఈ-గేర్, మాసెరాటీ కాంబియోకోర్సా ఇవన్నీ లోపల మామూలు మాన్యువల్ గేరుబాక్సులే. క్లచ్‌ను మన కాలికి బదులు హైడ్రాలిక్ పంపు నొక్కుతుంది. మామూలు ఆటోమేటిక్‌లో క్లచ్ బదులు ఆయిల్‌తో పనిచేసే టార్క్ కన్వర్టర్ వీటిలో లేదు. అంటే ట్రాఫిక్‌లో అంగుళం అంగుళం జరిపిన ప్రతిసారీ క్లచ్ ప్లేటు జారుతూ అరుగుతుంది. ఎత్తుగా ఉన్న డ్రైవ్‌వేలోకి రివర్సులో నిదానంగా ఎక్కించడం అన్నిటికంటే చేటు. ఒకాయన క్లచ్ ఏళ్ళ తరబడి నిలుస్తుంది, ఇంకొకాయనది అదే కారులో చాలా ముందే పోతుంది, తేడా అంతా నడిపే తీరులోనే. ముందు బండికి దూరం వదిలి, దారి దొరికాక ఒక్కసారిగా కదలండి. కొత్త క్లచ్ వేయించాలంటే వేల డాలర్ల పని.

ఇక్కడ అమ్మకందారులు చూపించే ఒక కాగితం ఉంటుంది, క్లచ్ ఇంకా ఇంత శాతం మిగిలి ఉందని. ఆ అంకెను కళ్ళు మూసుకుని నమ్మకండి. కంప్యూటరు ప్లేటు మందాన్ని కొలవదు. కొత్త క్లచ్ వేసిన రోజు క్లచ్‌ను నొక్కే బేరింగు ఎక్కడ ఉందో ఒక విలువ రాసి పెట్టుకుంటుంది, ఇప్పుడు ఎక్కడ ఉందో దానితో పోల్చి శాతం లెక్క వేస్తుంది. ఆ మొదటి విలువను సరిగ్గా ఎక్కించకపోతే ఎంత మంచి యంత్రం పెట్టినా శాతం తప్పే చూపిస్తుంది. క్లచ్ మార్చిన బిల్లు, అప్పటి మైళ్ళు, ఇప్పటి శాతం ఈ మూడూ పొంతన కుదరాలి.

క్లచ్‌ను నొక్కే హైడ్రాలిక్ పంపును కూడా వినండి. డ్రైవర్ వైపు తలుపు తీయగానే వెనక నుంచి చిన్న గుయ్‌మనే చప్పుడు వచ్చి కొద్ది సెకన్లలో ఆగాలి. ఆగకుండా మోగినా, మాటిమాటికీ మోగినా ఆయిల్ ఒత్తిడిని నిల్వ ఉంచే అక్యుములేటరో, పంపుకు కరెంటు ఇచ్చే రిలేయో పాడవుతోందని అర్థం. అలాగే వదిలేస్తే పంపే కాలిపోతుంది.

రోజూ నడపాలన్న కోరిక గట్టిగా ఉంటే 2008లో కాలిఫోర్నియా మోడల్‌తో వచ్చిన డ్యూయల్ క్లచ్ (రెండు క్లచ్‌ల గేరుబాక్సు) కార్ల వైపు చూడండి. ట్రాఫిక్‌లో అది చాలా సాధువు. అందులోనూ సెన్సర్లు పోతుంటాయి, కాబట్టి గేరుబాక్సు మరమ్మతు చరిత్ర అడగడం మానొద్దు.

అపోహ: కార్‌ఫ్యాక్స్ శుభ్రంగా ఉంది, అంటే యాక్సిడెంట్ కాలేదు.

కార్‌ఫ్యాక్స్ అంటే కారు చరిత్ర చెప్పే రిపోర్టు, అందులో ఉండేది ఎవరో నమోదు చేసిన సమాచారమే. ఇన్సూరెన్సుకు చెప్పకుండా సొంత డబ్బుతో బాగుచేయించుకుంటే అందులోకి ఎక్కకపోవచ్చు. ఖరీదైన కార్ల యజమానులు అలా చేయించుకోవడం అరుదేమీ కాదు. ఉత్తర టెక్సస్‌లో వసంతం వచ్చిందంటే వడగళ్ళ వాన. పైకప్పు మీద, ముందు మూత మీద సొట్టలు తీయించినవి, పుట్టీ పెట్టి రంగు వేయించినవి చాలా చూస్తుంటాం.

అందుకే రంగు మందం కొలుస్తాం. ఇక్కడో మెలిక ఉంది. 360 నుంచి ఫెరారీ వీ8 కార్ల ఒళ్ళు, చట్రం అల్యూమినియం. ఇనుము మీద మాత్రమే పనిచేసే చవకరకం మీటరు వాటి మీద పెడితే ఏమీ చెప్పదు, అయస్కాంతం అసలే అంటుకోదు. అల్యూమినియం మీద కూడా కొలిచే మీటరు మీ మెకానిక్ దగ్గర ఉందో లేదో ముందే కనుక్కోండి. ఒక ప్యానెల్ మీద మిగతా వాటికి రెండింతల మందం వస్తే ఎందుకని అడగాలి. రాయి తగిలి ముందు బంపరుకు రంగు వేయించడం పెద్ద విషయం కాదు. వెనక ప్యానెల్‌కు, డోరు అంచుకు వేయించి ఉంటే కారును లిఫ్టు మీద పెట్టి చట్రం చూడాల్సిందే.

అపోహ: డ్యాష్‌బోర్డు మీద వార్నింగ్ లైట్లేవీ లేవు కదా.

కారు కంప్యూటరులో నమోదైన తప్పుల కోడ్లు చెరిపేస్తే లైట్లు ఆరిపోతాయి, బ్యాటరీ తీసి పెట్టినా చాలాసార్లు అంతే. అయితే అమెరికాలో అమ్మిన 1996 తర్వాతి కార్లన్నిటిలో రెడీనెస్ మానిటర్లు ఉంటాయి, అంటే పొగకు సంబంధించిన భాగాల స్వీయ పరీక్షలు పూర్తయ్యాయో లేదో చెప్పేవి. కోడ్లు చెరిపితే అవి కూడా మొదటికి వస్తాయి. స్కానరు పెట్టగానే "నాట్ రెడీ" అని వరుసగా కనిపిస్తే ఈమధ్యే ఎవరో తుడిచారు, లేదా బ్యాటరీ తీశారు. ఎందుకో అడగండి, కొంత దూరం నడిపించి మళ్ళీ చూడండి.

టెక్సస్‌లో 2025 జనవరి నుంచి మామూలు కార్లకు సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ తీసేశారు. చాలామంది అన్ని పరీక్షలూ పోయాయనుకుంటున్నారు. డల్లాస్, టారెంట్, కాలిన్, డెంటన్ కౌంటీల్లో పొగ పరీక్ష ఇంకా ఉంది. రెండు నుంచి 24 ఏళ్ళ వయసున్న పెట్రోలు కారు అది పాసవ్వాలి. శబ్దం కోసం, పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్లు పీకేసిన 360ని ముచ్చటపడి కొంటే మొదటి రిజిస్ట్రేషన్ దగ్గరే ఆగిపోతారు. పీకిన అసలు భాగాలు ఇస్తానంటేనే మాట్లాడండి.

355, 360లలో "స్లో డౌన్" అని ఒక దీపం ఉంటుంది, క్యాటలిటిక్ కన్వర్టర్ మరీ వేడెక్కిందని హెచ్చరిక. చాలాసార్లు వేడిని కొలిచే తీగో, దాని చిన్న కంప్యూటరో పాడై వెలుగుతుంది. అయినా "అది ఊరికే వెలుగుతుంది సార్" అనే మాట విని వదిలేయకండి. నిజంగా వేడెక్కి ఉంటే మంటలదాకా పోతుంది.

అపోహ: రీకాల్స్ (లోపమున్న కార్లను కంపెనీయే వెనక్కి పిలిచి బాగుచేయడం) కొత్త కార్లకే.

2022లో ఫెరారీ అమెరికాలో 23 వేలకు పైగా కార్లను రీకాల్ చేసింది, అందులో 2005 నాటి ఎఫ్430ల నుంచీ ఉన్నాయి. బ్రేకు ఆయిల్ డబ్బా మూతలో గాలి ఆడకపోతే ఆయిల్ కారిపోయి బ్రేకులు తగ్గే ప్రమాదం ఉంది. విన్ (కారు గుర్తింపు) నంబరు అమెరికా రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్ఏ వెబ్‌సైట్లో కొట్టి చూడండి, ఉచితం. ఫెరారీ విన్ జడ్ఎఫ్ఎఫ్‌తో, మాసెరాటీది జడ్ఏఎమ్‌తో మొదలవుతుంది. కాగితాల మీద, అద్దం కింద, చట్రం మీద ఒకటే ఉండాలి.

అపోహ: మాసెరాటీలో ఉన్నదీ ఫెరారీ ఇంజనే, సగం ధరకు అదే కారు.

ఇంజను సంగతి నిజమే. 2001 నుంచి వచ్చిన, టర్బో లేని మాసెరాటీ వీ8లు, ఎఫ్430 ఇంజను ఒకే కుటుంబం. ఆ ఇంజను బలమైనది, నాకు చాలా ఇష్టం. కానీ కొన్న ధరను బట్టి మరమ్మతు ధర ఉండదు. 2004–07 మధ్య వచ్చిన మాసెరాటీ క్వాట్రోపోర్టే ఇప్పుడు ఒక మామూలు సెడాన్ ధరకు దొరుకుతుంది. దాని డ్యుయోసెలెక్ట్ గేరుబాక్సు గురించి పైన ఎఫ్1కి చెప్పినవన్నీ వర్తిస్తాయి. ఆ తర్వాత జడ్ఎఫ్ కంపెనీ మామూలు ఆటోమేటిక్‌తో వచ్చినవి కుటుంబంతో తిరగడానికి చాలా నయం. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకు నేను ఎక్కువగా చెప్పేది ఆ కాలపు మాసెరాటీ గ్రాన్‌టూరిస్మోనే.

అపోహ: ఫెరారీ ధర ఎప్పటికీ పడదు.

కొద్ది సంఖ్యలో చేసిన ప్రత్యేక మోడళ్ళకు, మాన్యువల్ గేరు ఉన్న ఎఫ్430 లాంటి వాటికి గిరాకీ ఉంది. కాలిఫోర్నియా, ఎఫ్ఎఫ్ మోడళ్ళు కొత్తలో కొన్నవాళ్ళు బాగానే పోగొట్టుకున్నారు. పెట్టుబడి అనుకుని కొనొద్దు. మాన్యువల్‌కి ధర ఎక్కువని ఎఫ్1 కార్లను మాన్యువల్‌గా మార్చినవీ అమ్ముతున్నారు. ఫ్యాక్టరీ నుంచి ఎలా వచ్చిందో కాగితాల్లో చూసుకోండి.

అపోహ: ఇటాలియన్ కార్లు రోడ్డు మీద ఆగిపోతాయి.

మా దగ్గరికి ట్రక్కు మీద వచ్చేవాటిలో చాలా వాటికి బ్యాటరీయే కారణం. ఓల్టేజి తగ్గితే గేరుబాక్సు, ఏబీఎస్ అన్నీ ఒకేసారి తప్పు చూపిస్తాయి. గ్యారేజీలో బ్యాటరీని నెమ్మదిగా నింపుతూ ఉంచే ట్రికిల్ చార్జరు తగిలించి ఉంచండి. లోపలి బటన్లు జిగురుగా అవడం ఇంకో ఫిర్యాదు. మెత్తటి పూత ఎండకు, వయసుకు కరిగిపోతుంది. చూడ్డానికి బాగుండదు కానీ కారుకు ప్రమాదం లేదు, బేరంలో వాడుకోండి. సొంతంగా స్పిరిటు పెట్టి రుద్దితే అక్షరాలు కూడా పోతాయి.

చూడ్డానికి వెళ్ళేముందు ఫోనులో ఒక్కటి చెప్పండి: నేను వచ్చేదాకా స్టార్టు చేయొద్దు. వెళ్ళగానే ఇంజను మూత మీద చెయ్యి పెట్టి చూడండి. చల్లటి ఇంజను మొదటిసారి తిరిగేటప్పుడే పొగ, గొలుసు దగ్గరి గలగల బయటపడతాయి. పాత మాన్యువల్ ఫెరారీల్లో ఆయిల్ వేడెక్కేదాకా రెండో గేరు మొరాయిస్తుంది. అది మామూలే, దానికి భయపడొద్దు. వేడెక్కాక కూడా గీరుకుంటే గేరు సాఫీగా పడేలా చేసే సింక్రోలు పోయినట్టే.

అపోహ: ఇక్కడ కొని, తిరిగి వెళ్ళేటప్పుడు హైదరాబాద్ తీసుకెళ్ళొచ్చు.

ఈ ప్రశ్న మనవాళ్ళు తప్పకుండా అడుగుతారు. భారత నిబంధనల ప్రకారం దిగుమతి చేసే పాత కారు తయారై మూడేళ్ళు దాటకూడదు, స్టీరింగు కుడివైపు ఉండాలి. అమెరికా కారు స్టీరింగు దగ్గరే ఆగిపోతుంది, మిగిలిన అర్హతలున్నా సుంకం కారు ధరనే దాటిపోవచ్చు. రెండు మూడేళ్ళలో ఇండియా వెళ్ళిపోయే ఆలోచన ఉంటే, కారును ఇక్కడే అమ్మాల్సి వస్తుందని లెక్క వేసుకునే కొనండి. ఇన్సూరెన్సు కూడా ఒప్పుకున్న విలువ మీద తీసుకోండి, అంటే కారు పూర్తిగా పోతే ఎంత ఇస్తారో పాలసీలో ముందే అంకెతో సహా రాసి ఉండాలి.