పాత రియాక్టర్లు, ప్రభుత్వ తనిఖీలు: కొన్ని అపోహలు, కొన్ని వాస్తవాలు

మొన్న ఊళ్లో పెళ్లికి వెళ్తే భోజనాల దగ్గర మావయ్య పట్టుకున్నాడు. "ఏరా, మన కొవ్వాడలో పెడతామంటున్న అణు ప్లాంటు సంగతి తర్వాత. ఆ మహారాష్ట్రలోని తారాపూర్ అణు రియాక్టర్ 1969 నాటిదట కదా. అప్పటి కార్లన్నీ ఎప్పుడో తుక్కు కింద పోయాయి, దాన్నింకా నడపడమేంట్రా? అడిగేవాడే లేడా?" రియాక్టర్ లోపలి గొట్టాలను అల్ట్రాసోనిక్ ప్రోబ్‌తో, అంటే శబ్ద తరంగాలు పంపి మందం కొలిచే పరికరంతో, తనిఖీ చేయడం నా ఉద్యోగం. ఇరవై ఏళ్లు దాటింది. ఆ ప్రశ్నకు పప్పన్నం చల్లారేలోపు జవాబు చెప్పలేక సాంబారు వడ్డించేవాణ్ణి పిలిచి తప్పించుకున్నాను. ఆ బాకీ ఇక్కడ తీరుస్తున్నాను.

అపోహ: రియాక్టర్‌కి మందుల సీసాలా ఎక్స్‌పైరీ డేట్ ఉంటుంది. అది దాటినా నడిపేస్తున్నారు.

డిజైన్ లైఫ్ అనేది కట్టేటప్పుడు ఇంజనీర్లు లెక్కల కోసం పెట్టుకున్న అంకె. ఆ తేదీన ప్లాంటు చెడిపోదు, అలాగని దానికి ముందురోజు వరకు క్షేమమనీ కాదు. ప్లాంటు మొత్తానికి ఒకే వయసు ఉండదు. పంపులు, కేబుళ్లు, డీజిల్ జనరేటర్లు మార్చుకుంటూ పోవచ్చు. మార్చలేనివి కొన్ని ఉంటాయి, అసలు వయసు వాటిదే. తారాపూర్ మొదటి రెండు యూనిట్లలో రియాక్టర్ వెసెల్, అంటే ఇంధనం ఉండే పెద్ద ఉక్కు పాత్ర, అలాంటిది. భారజలం (హెవీ వాటర్) వాడే రియాక్టర్లలో కలాండ్రియా అనే పెద్ద ట్యాంకు, దాని రెండు చివర్లా రేడియేషన్‌కి అడ్డుగోడల్లా ఉండే ఎండ్ షీల్డులు అలాంటివి. రాజస్థాన్‌లో 1973లో మొదలైన ఒకటో యూనిట్‌కి ఎండ్ షీల్డులో పగుళ్లు 1980ల మొదట్లోనే కనిపించాయి. ఆ తర్వాత తక్కువ పవర్‌తో నెట్టుకొచ్చి, చివరికి 2004లో ఆపేశారు. పక్కనే ఉన్న రెండో యూనిట్ మాత్రం గొట్టాలు మార్పించుకుని నడుస్తూ వచ్చింది.

ఆ గొట్టాల గురించి కాస్త వివరంగా చెప్పాలి, నా అన్నం అక్కడే ఉంది మరి.

220 మెగావాట్ల భారజల రియాక్టర్‌లో 306 కూలెంట్ చానెళ్లు, అంటే ఇంధనమూ దాన్ని చల్లబరిచే భారజలమూ ఉండే గొట్టాలు, అడ్డంగా పడుకుని ఉంటాయి. హైదరాబాద్‌లో ఈసీఐఎల్ దగ్గరున్న ఎన్ఎఫ్‌సీ (న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్)లోనే ఆ గొట్టాలూ, వాటిలోకి వెళ్లే ఇంధనమూ తయారవుతాయి. ఒక్కో చానెల్‌లో ప్రెషర్ ట్యూబ్ ఉంటుంది. దాని గోడ మందం నాలుగు మిల్లీమీటర్లు కూడా ఉండదు. లోపల 300 డిగ్రీలకు దగ్గర్లో వేడి భారజలం. బయట మరో గొట్టం, అది చల్లగా ఉంటుంది. రెండింటి మధ్య సెంటీమీటరు కూడా లేని సందులో కార్బన్ డయాక్సైడ్ తిరుగుతుంటుంది. ఒకదానికొకటి తగలకుండా గార్టర్ స్ప్రింగులు, అంటే లోపలి గొట్టం చుట్టూ వేసిన స్ప్రింగు రింగులు, కాపలా.

ఏళ్లు గడిచేకొద్దీ న్యూట్రాన్ల దెబ్బకు ప్రెషర్ ట్యూబ్ ఏటా కొన్ని మిల్లీమీటర్లు పొడవు పెరుగుతుంది, బట్టల తీగలా మధ్యలో కిందికి వంగుతుంది. స్ప్రింగు చోటు తప్పిందంటే వంగిన గొట్టం చల్లటి గొట్టానికి తగులుతుంది. అప్పటిదాకా లోహం పీల్చుకున్న హైడ్రోజన్ అంతా ఆ చల్లటి చోటికి చేరి పొక్కు కడుతుంది. పొక్కు పగులుతుంది. 1983 ఆగస్టులో కెనడాలోని పికరింగ్ రెండో యూనిట్‌లో ఒక గొట్టం ఇలాగే నిలువునా చీలింది. మన దగ్గర పాత గొట్టాలన్నిటినీ ఒకేసారి తీసేసి జిర్కోనియం–నియోబియం గొట్టాలు వేయడం అందుకే. రాజస్థాన్ రెండో యూనిట్, కల్పాక్కం రెండు యూనిట్లు అలా మార్చినవే.

అపోహ: కొత్త గొట్టాలు వేశాక ఇక భయం లేదు.

గుజరాత్‌లోని కాక్రపార్ ఒకటో యూనిట్‌లో 2016 మార్చి 11న ఒక చానెల్ లీకై ప్లాంట్ ఎమర్జెన్సీ ప్రకటించారు. అవి పాత గొట్టాలు కావు, సుమారు ఐదేళ్ల కిందట వేసినవే. అంతకు ఎనిమిది నెలల ముందు రెండో యూనిట్‌లోనూ ఒక గొట్టం లీకైంది. కోసి చూస్తే గొట్టాల బయటి వైపు మశూచి మచ్చల్లాంటి తుప్పు ఉంది. నీళ్లు తగిలే లోపలి వైపు శుభ్రంగానే ఉంది. తప్పు చుట్టూ తిరిగే కార్బన్ డయాక్సైడ్‌లోని మలినాలది. ఎవరూ పెద్దగా పట్టించుకోని గ్యాస్ అది. రెండు యూనిట్లకూ మళ్లీ గొట్టాలన్నీ మార్చాకే నడపనిచ్చారు.

అపోహ: తనిఖీ రోజున సున్నాలు కొట్టి, పూలబొకే ఇస్తే సరిపోతుంది.

కలెక్టర్ వస్తున్నాడంటే హాస్టల్లో దుప్పట్లు మార్చడం చూసి పెరిగినవాళ్లం కదా, ఈ అనుమానం సహజమే. కానీ మమ్మల్ని పట్టించేది గోడల రంగు కాదు, పాత కాగితాలు.

ఏ ప్లాంటో చెప్పను. షట్‌డౌన్‌లో చానెళ్లు ఖాళీ చేసి, మా తనిఖీ పరికరాన్ని లోపలికి పంపి, దూరంగా క్యాబిన్‌లో కూర్చుని రీడింగులు తీస్తున్నాం. నాలుగు చానెళ్లలో గోడ మందం బాగానే వచ్చింది. రిపోర్టు వెళ్లింది. నియంత్రణ సంస్థ తరఫున దాన్ని చదివిన పెద్దాయన ఫోన్ చేసి ఒక్కటే అడిగారు: "ఏమండీ, మీ గొట్టం గోడ ఏళ్లు గడిచేకొద్దీ లావెక్కుతోందా?" పోయినసారి రీడింగు కంటే మాది ఎక్కువ ఉంది. తేడా వెంట్రుక మందంలో సగం కూడా లేదు. అయినా గోడ అరగాలే గానీ పెరగదు కదా.

వెతికితే తేలింది. మేం కాలిబ్రేషన్ బ్లాకును, అంటే పరికరాన్ని సరిచూసుకోవడానికి వాడే మందం తెలిసిన లోహపు ముక్కను, చల్లటి గదిలో పెట్టి సరిచూసుకున్నాం. చానెల్ ఇంకా వెచ్చగా ఉంది. వేడి లోహంలో శబ్దం కాస్త నెమ్మదిగా నడుస్తుంది, అందుకే గోడ లావుగా కనిపించింది. నాలుగూ మళ్లీ తీశాం. షట్‌డౌన్ మూడు రోజులు పెరిగింది. పైనుంచి ఎన్ని ఫోన్లు వచ్చాయో, ఎంత టెన్షన్ పడ్డామో చెప్పక్కర్లేదు. "అంత చిన్న తేడాకి ఇంత అవసరమా, వచ్చే షట్‌డౌన్‌లో చూద్దాం" అన్న మాట ఆ మూడు రోజుల్లో నలుగురి నోట విన్నాను. అందులో ఒక నోరు నాదే.

అపోహ: నడిపేదీ ప్రభుత్వమే, తనిఖీ చేసేదీ ప్రభుత్వమే. అంతా రబ్బరు స్టాంపు.

దీన్ని అపోహ అనడానికి నాకే మొహమాటంగా ఉంది, ఎందుకంటే సగం నిజం. అణుశక్తి నియంత్రణ మండలి, అంటే ఏఈఆర్‌బీ, 1983 నవంబరులో పార్లమెంటు చట్టంతో కాకుండా ప్రభుత్వ ఉత్తర్వుతో పుట్టింది. అది జవాబు చెప్పుకుంటూ వచ్చింది అణుశక్తి సంఘానికి. ఆ సంఘం అధ్యక్షుడే అణుశక్తి శాఖ కార్యదర్శి, ప్లాంట్లు నడిపే ఎన్‌పీసీఐఎల్ ఆ శాఖ కిందిదే. 2012లో కాగ్ దీన్నే తప్పుపట్టింది. ముప్పై ఏళ్లుగా నడుస్తున్న ప్లాంట్లకు కూడా మూసివేత ప్రణాళిక లేదని రాసింది. స్వతంత్ర సంస్థ కోసం 2011లో తెచ్చిన బిల్లు మురిగిపోయింది. 2015లో అంతర్జాతీయ అణుశక్తి సంస్థ బృందం వచ్చి, స్వతంత్రతను చట్టంలోనే రాయమంది. 2025 డిసెంబరులో ఆమోదం పొందిన శాంతి (SHANTI) అనే కొత్త అణుశక్తి చట్టంతో గానీ ఏఈఆర్‌బీకి చట్టబద్ధ హోదా రాలేదు. నలభై రెండేళ్లు పట్టింది.

మిగతా సగం మాటేంటంటే, స్టాంపు వేసేవాళ్లే అయితే తారాపూర్ కథ వేరేలా ఉండేది. నడపడానికి ఇచ్చే లైసెన్సు ఐదేళ్లకు మించదు, పదేళ్లకోసారి ప్లాంటు మొత్తాన్ని ఇప్పటి ప్రమాణాలతో పోల్చి చూడాలి. తారాపూర్ పాత యూనిట్లకు అలాంటి సమీక్ష జరిగాక 2005–06లో నెలల తరబడి ఆపి, ఎమర్జెన్సీ డీజిల్ జనరేటర్లు మార్చారు. రెండు యూనిట్లూ పంచుకుంటున్న వ్యవస్థల్ని విడదీశారు. 2020లో మళ్లీ ఆగాయి, ఈసారి రియాక్టర్‌లో నీటిని తిప్పే రీసర్క్యులేషన్ పైపులు మార్చడం కోసం. ఏళ్లు పట్టే పని అది.

అపోహ: చూడాల్సింది రియాక్టర్‌నే.

ఉత్తరప్రదేశ్‌లోని నరోరా ప్లాంటులో 1993 మార్చి 31న విరిగింది టర్బైన్ బ్లేడ్లు. జనరేటర్‌ను చల్లబరిచే హైడ్రోజన్ అంటుకుంది, మంటలు కేబుళ్లకు పాకాయి. కేబుళ్లన్నీ ఒకే దారిలో ఉండటంతో ప్లాంటుకు 17 గంటలపాటు కరెంటే లేదు. సిబ్బంది టార్చిలైట్లతో పైకెక్కి, అణుచర్య మళ్లీ మొదలవకుండా ఆపే బోరాన్ ద్రావణాన్ని చేత్తో వదిలారు. రేడియేషన్ బయటికి రాలేదు. అందుకే ఏ ప్లాంటుకెళ్లినా నా కళ్లు ముందు కేబుల్ ట్రేల మీదికే పోతాయి.

అపోహ: అమెరికాలో అయితే ఇలా ఉండదు.

మా అక్క కొడుకు డాలస్ నుంచి పెట్టే మెసేజ్ ఇది. అక్కడి అణు నియంత్రణ సంస్థ ఎన్ఆర్‌సీకి చట్టం ఉంది, డబ్బుంది, ప్రతి ప్లాంటులో మకాం ఉండే ఇన్‌స్పెక్టర్లున్నారు. ఒహాయోలోని డేవిస్–బెస్సీ ప్లాంటును పగుళ్ల తనిఖీ కోసం 2001 డిసెంబరు 31లోగా ఆపించాలని ఆ సంస్థ సిబ్బంది ఉత్తర్వు కూడా రాసి సిద్ధంగా పెట్టుకున్నారు. కంపెనీ గడువు అడిగింది. 2002 ఫిబ్రవరి దాకా ఇచ్చారు. మార్చిలో రియాక్టర్ వెసెల్ మూత మీద, పగుళ్లలోంచి కారి పేరుకున్న బోరిక్ యాసిడ్‌ను తీసి చూస్తే, ఆరంగుళాల ఉక్కును అది తినేసి ఉంది. మిగిలింది లోపలి స్టెయిన్‌లెస్ స్టీలు పూత, ఒక సెంటీమీటరు లోపు. ఒత్తిడిని ఆపడానికి వేసిన పూత కాదది. గడువు ఇచ్చిన నిర్ణయంలో కంపెనీకి డబ్బు నష్టం తగ్గించాలన్న ఆలోచనే పెద్ద పాత్ర పోషించిందని ఆ సంస్థ ఇన్‌స్పెక్టర్ జనరలే అదే ఏడాది చివర్లో నివేదికలో రాశారు.